కొట్టివేసిన పేరు

పైవాడి సాయంతో
జెరూసలేం, 1962 నవంబరు 6

అక్కకు,

నేను బతికే ఉన్నాను. ఇంకా ఇక్కడే ఉన్నాను. ఈ రెండో మాటే నీకు ఎక్కువ ఆశ్చర్యమని తెలుసు. బేకరీలో, టైర్ల కొట్టులో, రేవులో, ఆఖరికి బస్సులో టికెట్లు కొట్టే పనిలో కూడా నేను ఇన్నాళ్లు నిలవలేదు. బయల్దేరేటప్పుడు బావ గుమ్మంలో నిలబడి "ఇదైనా పండగదాకా చేస్తావా?" అన్న మాట ఇంకా చెవిలో గుయ్యిమంటోంది. పండగలన్నీ వెళ్లిపోయాయి, నేను మాత్రం వెళ్లలేదని ఆయనకు చెప్పు.

మా గురువు రిబ్బీ మఖ్లూఫ్ గారి గది బజారు వెనక సందులో ఉంది. ఒక కిటికీ, ఒక బల్ల, గోడల నిండా ఆరేసిన తోళ్లు. మొదట నన్ను తన బల్ల దగ్గరే కూర్చోబెట్టుకున్నారు. బల్ల కింద నా కాలు ఊరుకోదు కదా. ఆయన రాస్తున్న తోరా గ్రంథంలో ఒక అక్షరానికి తోక వంకర పోయింది. కోప్పడలేదు. లేచి వెళ్లి కూరగాయల పెట్టెలు నాలుగు తెచ్చి, పేర్చి, నాకు వేరే బల్ల చేసి, "నీ భూకంపం నీ దగ్గరే ఉంచుకో నాయనా" అన్నారు. అప్పటినుంచి ఆ పెట్టెల మీదే నా చదువు.

ఇన్నాళ్లూ నేర్చుకున్నదేమిటంటావా? రెల్లు కలం చెక్కడం. మాచికాయలు దంచి, అన్నభేదీ తుమ్మబంకా కలిపి సిరా కాచడం. తోలు మీద మొద్దు మొనతో గీతలు కొట్టడం. మన హీబ్రూ అక్షరాలు గీత మీద కూర్చోవు, గీత పట్టుకుని వేలాడతాయి. చిన్నప్పటినుంచీ చదువుతున్నాను గాని ఈ సంగతి ఎప్పుడూ చూడలేదు. ఇంకో మాట, ఒక అక్షరం పక్క అక్షరాన్ని తాకకూడదు. వెంట్రుకవాసి తగిలినా గీకి మళ్లీ రాయాలి. నావి రోజూ తగులుతూనే ఉన్నాయి.

ఇప్పుడు ఎస్తేరు గ్రంథం మొదలుపెట్టించారు. ఆ గ్రంథం మొత్తంలో దేవుడి నామం ఒక్కచోట కూడా రాదు. అందుకే కొత్తవాళ్లకు అదిస్తారు, తప్పు పోతే గీకేయొచ్చు. నామం అలా కాదు. ఒకసారి తోలు మీద పడితే చెరపడానికి ఎవరికీ హక్కు లేదు. ఆ గ్రంథం చదివే పూరీం పండగ లోపల ఎస్తేరు సరిగ్గా పూర్తిచేస్తే ఆ తర్వాత నామం రాయనిస్తానన్నారు. నామం రాయనివాడు రాతగాడే కాదు, సిరా కాచే కూలివాడు. అక్కా, జీవితంలో మొదటిసారి నాకొక పని కావాలనిపిస్తోంది. ఈ పూరీంకి మన మందిరంలో నా తోలుచుట్టే విప్పి చదవాలని ఆశ. మందిరం పెత్తందారు బావే కదా, ఆయన్ని మెల్లగా అడిగి చూడు.

నీ తమ్ముడు
యామిన్

*

పైవాడి సాయంతో
తిబేరియా, నవంబరు 18

ఒరేయ్ యామిన్,

నీ ఉత్తరం ముందు నేను చదివాను, తర్వాత మీ బావ వినేలా గట్టిగా చదివాను. ఆయన వలలో చిక్కుముడి విప్పుతున్నట్టు తల వంచుకుని, చేపలు తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టు కూర్చున్నాడు. నేను చదవడం ఆపితే మాత్రం "తర్వాత?" అన్నాడు.

నామం రాస్తావని విన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. అబద్ధమెందుకు, భయం కూడా వేసింది. నీ అరికాలిలో చక్రం ఉంది. అమ్మ పోయాక నిన్ను ఈ ఇంటికి తెచ్చుకున్నప్పుడు నా పెళ్లయి ఏడాది కూడా కాలేదు. అప్పుడూ ఒక్కచోట కూర్చునేవాడివి కాదు. మీ బావే నిన్ను భుజమ్మీద ఎక్కించుకుని సరస్సు చుట్టూ తిప్పితే తప్ప ముద్ద మింగేవాడివి కాదు. మాకు పిల్లలు లేరన్న సంగతి ఆ రోజుల్లో ఆయనకు గుర్తుండేది కాదు.

అలాంటి మనిషితో వెళ్లే రోజున ఏమన్నావు? "ఇక నీ పేరు నా నోట రాదు" అన్నావు. ఆయన కూడా తక్కువ తినలేదులే. "ఏ పనీ పట్టుమని చేయవు" అని పక్కింటివాళ్లకు వినపడేలా అరిచాడు. కాని ఆయన అన్నది మర్నాటికే మర్చిపోయాడు. నువ్వన్నది మర్చిపోలేదు. నిద్రలో కూడా గొణుగుతున్నాడు.

హనుక్కా పండగ వస్తోంది. ఆయనకేదైనా నీ చేత్తో చేసి పంపు. పెద్దది అక్కర్లేదు. పూరీం మాట తర్వాత నేను కదుపుతాను. మెడకు చుట్టుకోవడానికి ఉన్ని గుడ్డ పంపుతున్నాను. అక్కడ చలి ఎముకలు కొరుకుతుందని విన్నాను.

అక్క
ఫ్రేహా

*

పైవాడి సాయంతో
జెరూసలేం, డిసెంబరు 14

అక్కకు,

బస్సు నడిపే సస్సోన్ చేతికి పొట్లం ఇచ్చాను. బావకు. ఆలివ్ కొయ్యతో నేను చెక్కిన చదువుపుల్ల. తోరా చదివేటప్పుడు వరస తప్పకుండా చూపించే పుల్ల. కొసన చిన్న చెయ్యి, చూపుడువేలు చాచి ఉంటుంది. ఆ వేలు రెండుసార్లు విరిగింది, మూడోసారి నిలిచింది. పొట్లం మీద ఆయన పేరు నా రాతలో రాశాను. చూస్తే నేను నేర్చుకుంటున్నానని ఆయనకే తెలుస్తుంది.

ఎస్తేరు మొదటి తోలు అయింది. రిబ్బీ చూసి, నాలుగుచోట్ల వేలు పెట్టి, నా చేతికి గీకుడుకత్తి ఇచ్చారు. ఒక మాట రాసేముందు దాన్ని పైకి చదవాలి. కంఠస్థమైనా సరే చూసే రాయాలి. నేను నోటితో చదివేది ఒకటి, మనసులో తిరిగేది ఇంకొకటి. మధ్యాహ్నం అయ్యేసరికి గది ఇరుకైపోతుంది. నీళ్లకని బయటికి వెళ్లి బజారంతా ఒక చుట్టు కొట్టి వస్తాను. నీళ్లు తేవడం మర్చిపోతాను. మళ్లీ వెళ్తాను.

అయినా వదలను. పండగకు స్ఫెంజ్ గారెలు వేయించేటప్పుడు నా వంతు పక్కింటి పిల్లలకు పెట్టు.

యామిన్

*

పైవాడి సాయంతో
తిబేరియా, డిసెంబరు 30

యామిన్,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండుసార్లు చింపేశాను.

పొట్లం అందింది. మీ బావ చేపల కొట్టు కట్టేసి, చేతులు కడుక్కుని, పండగ బట్టలు వేసుకుని మరీ విప్పాడు. పుల్ల చూసి మురిసిపోయాడు. ఆ తర్వాత దానికి చుట్టిన కాగితం చూశాడు. మొహం పాలిపోయింది. మడిచి జేబులో పెట్టుకుని పడుకున్నాడు. అన్నీ వేయించి పెట్టాను, ఒక్కటీ ముట్టలేదు.

మర్నాడు మందిరంలో దీపం బల్బు మారుస్తూ నిచ్చెన మీదనుంచి పడ్డాడు. ఎడమ కాలు విరిగింది. మోకాలి పైదాకా కట్టు వేశారు. ఆయన అరవలేదు, మూలగలేదు. "నాకు తెలుసు" అన్నాడంతే.

అలాంటి కాగితంలో చుట్టి పంపడానికి నీకు మనసెలా వచ్చింది? దాని మీద ఉన్నది నేను ఇక్కడ రాయను. అలాంటివి రెండోసారి కాగితం మీద పెట్టకూడదు. నీకు తెలుసు, నాకు తెలుసు.

ఫ్రేహా

*

పైవాడి సాయంతో
జెరూసలేం, 1963 జనవరి 6

అక్కకు,

బావ కాలి సంగతి తెలిసి కూర్చోలేక, నిలబడలేక ఉన్నాను. డాక్టరు ఏమన్నాడు? ఎముక పక్కకు జరిగిందా? కట్టు ఎప్పుడు విప్పుతారు? నన్ను రమ్మంటే రేపే వస్తాను.

కాగితం గురించి మీరింత బాధపడతారని అనుకోలేదు. తప్పే, మంచి అట్టపెట్టె దొరకలేదు. మా గదిలో పారేయదగ్గ కాగితం అదొక్కటే. మిగతా ప్రతి ముక్క మీదా పవిత్రమైన మాటలుంటాయి. వాటిలో ఏదైనా చుడితే రిబ్బీ నా చెవి మెలేస్తారు. అయినా ఆ పాడు పేరుకు అంతకంటే మర్యాద దేనికి? రోజూ పొద్దున్నే మేమిద్దరం దాన్ని రాస్తాం, అడ్డంగా కొట్టేస్తాం, ఆ తర్వాతే పని మొదలు. రిబ్బీ అయితే కుర్రతనం నుంచీ అంతే. రాతగాళ్లందరూ చేసేదే ఇది. అలా కొట్టేస్తే చేతికి ఊపొస్తుంది. బావకు తెలియనిదా, నవ్వుకుంటాడనుకున్నాను.

కాలికీ కాగితానికీ ముడిపెట్టకండి. చదువుపుల్ల ఆయనకు నచ్చిందో లేదో రాయి.

యామిన్

*

తిబేరియా, జనవరి 14

యామిన్,

నువ్వు రాసింది నేను చదివాక, పక్కింటి గ్రాసియా నన్ను పట్టుకుని కూర్చోబెట్టాల్సి వచ్చింది.

రోజూనా? ఇద్దరూ కలిసా? మీ గురువుకు మా ఆయన ఏం అపకారం చేశాడు? ఆ పెద్దమనిషి మొహం కూడా మేము చూడలేదు. ఆయన కుర్రతనానికి మీ బావ పుట్టనైనా పుట్టి ఉండడు. పిచ్చి పట్టింది నీకా నాకా?

రాయనన్నాను, రాస్తున్నాను. ఆయిన్. మేమ్. పైనుంచి కిందిదాకా ఆ రెండక్షరాలే, ఒక్కోదాని మీదా అడ్డగీత. సగం చింపినంత మాత్రాన చదవలేని గుడ్డివాళ్లం కాదు. ఆ రెండక్షరాలతో పేరు మొదలయ్యే మనిషి ఈ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. ఆయన పేరు అమ్రాం. ఇక నీ నోట రాదని చెప్పిపోయిన పేరు. నోటితో అనడం మానేసి కలంతో కొట్టేయడం మొదలుపెట్టావు, అంతేనా?

పోయిన శనివారం ఆయన పదిమందిని ఇంటికి పిలిచి, మన మందిరం రబ్బీ చేత ప్రార్థన చేయించుకుని పేరు మార్చుకున్నాడు. చావు వెతుక్కుంటూ వస్తే ఆ పేరుగలవాడు దొరక్కూడదని. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. కాలు విరిగినందుకే అనుకున్నారు అందరూ. ఇప్పుడాయన హయీం. బతుకు అని పేరు పెట్టుకున్న మనిషి గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. ఆ పేరుతో పిలిస్తే పలకడు, తనదని గుర్తుండదు. పాత పేరుతో పిలిస్తే భయపడతాడు. నేను ఇంట్లో మొగుణ్ణి "ఇదుగో" అని పిలుస్తున్నాను.

నీ చుట్ట మా మందిరం గడప తొక్కదు. ఆయన అనలేదు, నేనంటున్నాను.

ఫ్రేహా

*

పైవాడి సాయంతో
జెరూసలేం, జనవరి 18

అక్కా, అక్కా,

ఇది చదివేదాకా ఇంకేమీ చేయకు. పొయ్యి మీద ఏమన్నా ఉంటే దించేయి.

అది బావ పేరు కాదు. అమాలేకు.

ఎడారిలో మనవాళ్లు నడవలేక వెనకబడితే, వెనకనుంచి వచ్చి ముసలివాళ్లనూ పిల్లలనూ నరికినవాడు. వాడి పేరు తుడిచేయమని మనకు ఆజ్ఞ. అందుకని రాతగాడు కలం చెక్కగానే, అది సరిగా పారుతోందో లేదో చూడటానికి ముందు ఆ పేరు చిత్తుకాగితం మీద రాసి కొట్టేస్తాడు. ఆ తర్వాతే కలాన్ని తోలు మీద పెడతాడు. వాడి పేరు రాయడానికీ ఆయిన్, మేమ్ తోనే మొదలు. తర్వాత లామెద్, కోఫ్. పుల్ల సన్నగా ఉందని కాగితాన్ని నిలువునా చింపాను. మనం చదివేది కుడినుంచి కదా, కుడి సగం పొట్లంలోకి వెళ్లింది. ఎడమ సగంతో సిరా గిన్నె తుడిచి పొయ్యిలో వేశాను. అక్కడే ఉన్నాయి మిగతా రెండక్షరాలు.

అది మీకు తెలుసనుకున్నాను. నీ డిసెంబరు ఉత్తరంలో ఉన్నది ఆ పాడు పేరు పండగ కానుకకు చుట్టినందుకు కోపం అనుకున్నాను. అందుకే ఎగతాళి చేశాను. ఇప్పుడు నా ఉత్తరం నేనే మనసులో మళ్లీ చదువుకుంటుంటే ఒళ్లు జలదరిస్తోంది.

బావను లేపి కూర్చోబెట్టి ఇది చదివి వినిపించు. ఆ మాట అన్నది నిజమే, నోరు జారింది. పేరు మాత్రం కొట్టేయలేదు. ఎవరి మీదైనా ప్రమాణం చేస్తాను. పొద్దుటినుంచి ఒక్క వరస కూడా రాయలేదు. గది చుట్టూ తిరుగుతున్నాను.

యామిన్

*

పైవాడి సాయంతో
తిబేరియా, జనవరి 27

తమ్ముడూ,

చదివి వినిపించాను. రెండుసార్లు. ఆయన గోడవైపే చూస్తూ "కథ బాగా అల్లాడు" అన్నాడు.

ఊరుకోలేక రబ్బీ దగ్గరికి వెళ్లి, ఊరికే అడిగినట్టు, రాతగాళ్లకు ఇలాంటి ఆచారం ఉందా అన్నాను. ఉందన్నారు. పరుగున వచ్చి చెప్పాను. అప్పుడేమన్నాడో తెలుసా? "ఆచారం ఉంటుంది. వాడు చేసింది ఆచారమో, ఆచారం చాటున నన్నో, నాకెలా తెలుస్తుంది?"

నేనేం చెప్పను? బస్సు పనిలోంచి నిన్ను తీసేశాక వారాల తరబడి పొద్దున్నే టిఫిను డబ్బా పట్టుకుని వెళ్లేవాడివి. సాయంత్రం వచ్చి, ఇవాళ ఫలానా ఆమె మేకను బస్సెక్కించిందనీ, ఫలానాయన దిగనని గొడవపడ్డాడనీ చెప్పేవాడివి. మీ బావ కడుపుబ్బ నవ్వేవాడు. ఆ మేక లేదనీ బస్సూ లేదనీ మూడో మనిషి చెబితే తెలిసింది. ఆ రోజే కదా మీ ఇద్దరికీ గొడవైంది.

నేను నిన్ను నమ్ముతున్నాను. చాలావరకు నమ్ముతున్నాను. ఇలా రాయాల్సి రావడం నాకేమీ బాగాలేదు.

అక్క

*

పైవాడి సాయంతో
జెరూసలేం, ఫిబ్రవరి 5

అక్కకు,

నా చేతిలో కలం లేదు. ఇది పెన్సిలు.

నీ ఉత్తరం తీసుకెళ్లి రిబ్బీకి చూపించాను. ఆయన బావకు నాలుగు ముక్కలు రాస్తే సరిపోతుందనుకున్నాను. ఆయన మాట ఎవరైనా నమ్ముతారు. ఆయన అంతా చదివి, కళ్లజోడు తీసి, బస్సు సంగతి నిజమేనా అని అడిగారు. నిజమేనన్నాను. మేక సంగతీ? అదీ నిజమే, అంటే అబద్ధమేనన్నాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. లేచి వచ్చి, నా బల్ల మీది కలం తీసుకుని తన పెట్టెలో పెట్టుకున్నారు.

"రాత బాగుందో లేదో ఎవడైనా చూస్తాడు నాయనా. నామం రాసేముందు 'పరిశుద్ధ నామం కోసం రాస్తున్నాను' అని అనాలి. అనకపోతే ఆ చుట్ట పనికిరాదు. అన్నాడో లేదో ఎవరికి తెలుస్తుంది? వాడికి తెలుస్తుంది, పైవాడికి తెలుస్తుంది. ఊరు వాడి మాట నమ్మి ఆ చుట్ట ముద్దు పెట్టుకుంటుంది. నిన్ను పెంచిన మనిషే నిన్ను నమ్మనప్పుడు ఊరిని నమ్మమని నేనెలా చెప్పను?"

ఎన్నాళ్లని అడిగాను. ఆయన నమ్మేదాకా అన్నారు.

ఎస్తేరు సగంలో ఉంది. పూరీం నెల రోజుల్లోకి వచ్చింది. నేను ఊడుస్తున్నాను, మాచికాయలు దంచుతున్నాను, తోళ్లు తిప్పి ఆరేస్తున్నాను. వెళ్లిపొమ్మని ఆయన అనలేదు. ఇంతకుముందైతే ఈపాటికి వెళ్లిపోయేవాణ్ణే. సామాను కూడా ఒకసారి కట్టాను. బస్టాండుదాకా వెళ్లి, అక్కడ బెంచీ మీద చాలాసేపు కూర్చుని తిరిగొచ్చాను. వెళ్లడానికి ఈసారి చోటేదీ గుర్తు రాలేదు.

ఇది బావకు చెప్పకు. నా పని పోతోందని ఆయన జాలిపడి నమ్మితే అది నమ్మడం కాదు.

యామిన్

*

పైవాడి సాయంతో
తిబేరియా, ఫిబ్రవరి 19

యామిన్,

మీ బావ కనిపించడం లేదు.

పొద్దున నేను బజారునుంచి వచ్చేసరికి మంచం ఖాళీ. చంకకర్రలు లేవు, కోటు లేదు. ఆస్పత్రికి వెళ్లాడేమోనని పరుగెత్తాను, లేడు. మందిరంలో లేడు. రేవులో లేడు. కట్టుకాలుతో ఈ మనిషి ఎక్కడికి పోతాడు? గ్రాసియా మొగుడు సరస్సు ఒడ్డంతా చూసి వచ్చాడు. ఎందుకు అక్కడ చూశాడో అడగలేకపోయాను.

ఇంకో సంగతి. నీ ఉత్తరం బల్లగుడ్డ కింద దాచాను. అది కాస్త జరిగి ఉంది. చదివాడేమో. నువ్వు వద్దన్నావు, నేను చెప్పలేదు, ఒట్టు. నీకేమన్నా తెలిస్తే వెంటనే టెలిగ్రాం ఇవ్వు. నేను మళ్లీ వెతకడానికి వెళ్తున్నాను.

ఫ్రేహా

*

పైవాడి సాయంతో
జెరూసలేం, ఫిబ్రవరి 21

అక్కకు,

టెలిగ్రాం అందే ఉంటుంది. బావ ఇక్కడ ఉన్నాడు. ఇప్పుడు రిబ్బీ గారి మంచం మీద గురక పెడుతున్నాడు. రేపు సస్సోన్ బస్సులో పంపిస్తాను. నువ్వు తిట్టదలచుకుంటే కాలికి విశ్రాంతి ఇచ్చాక తిట్టు.

మొన్న మధ్యాహ్నం నేను సిరా కాస్తుంటే వాకిట్లో కర్రల చప్పుడైంది. తల ఎత్తితే బావ. చెమటతో తడిసిపోయి, గడ్డం మాసి, సగమైపోయాడు. నేను లేచేలోపే చెయ్యి ఎత్తి ఆపాడు. రిబ్బీకి నమస్కారం చెప్పి, నా కూరగాయల పెట్టెల ముందు ముక్కాలిపీట మీద కూర్చుని, కట్టుకాలు చాపుకున్నాడు.

"నోటితో ఏమీ చెప్పకు. నీ నోరు నాకు తెలుసు. నా పేరు రాయి, నేను చూస్తాను."

కలం ముట్టనివ్వడం లేదన్నాను. రిబ్బీ పెట్టె తెరిచి, కొత్త రెల్లు, చాకు నా ముందు పెట్టి, మళ్లీ తన రాతలో పడ్డారు. చూడటం లేదన్నట్టు నటించారు గాని ఆయన కలం కదలడం లేదు.

ఎంత బాగా రాయాలా, ఏ అక్షరం ఎంత పొడుగు పెట్టాలా అనే ధ్యాస తప్ప ఇంకేమీ లేదు. చెక్కాను. ముంచాను. చిత్తుకాగితం దగ్గరికి లాక్కున్నాను. రాశాను.

బావ మొహంలోకి చూశాకే నేనేం రాశానో తెలిసింది. ఆయిన్, మేమ్, లామెద్, కోఫ్. దాని మీద అడ్డగీత కూడా పడిపోయింది. నా చెయ్యి నన్నడగలేదు అక్కా. కొత్తగా చెక్కిన కలం కదా, రోజూ చేసే పని అది చేసుకుపోయింది. ఆ తర్వాతి వరసలో ఆయన పేరు రాయడానికి కలం అప్పటికే సిద్ధంగా గాల్లో ఉంది.

బావ వంగి ఆ నాలుగక్షరాలూ వేలితో ఒకటొకటే పట్టి చదివాడు. జేబులోంచి ఆ చింపిన కాగితం తీసి పక్కన పెట్టుకుని చూశాడు. అదే ఆయిన్. అదే మేమ్. వంకరతో సహా. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. నవ్వుతున్నాడనుకున్నాను.

"కాలు అతుక్కుంటుందిరా. కాలు గురించి కాదు. నువ్వు నన్ను కొట్టేశావనుకున్నాను. పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, ముందు నన్ను కొట్టేసి తర్వాత దేవుడి పని చేసుకుంటున్నావనుకున్నాను. భుజమ్మీద మోసిన పిల్లవాడు అలా చేస్తే ఇంకే పేరు పెట్టుకుంటే మాత్రం ఏం లాభం?"

నేను ఆయన కట్టుకాలి దగ్గర నేల మీద కూర్చున్నాను. ఏం మాట్లాడానో తెలియదు. మేక గురించి కూడా ఏదో చెప్పాను. పేరు కొట్టేయకపోయినా ఆ మాట అన్న నోరు నాదే కదా, దానికి సాకు లేదు, అదీ చెప్పాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "ఆకలేస్తోంది, మీ గురువు ఇంట్లో తినడానికేమన్నా ఉంటుందా?" అన్నాడు. రొట్టె, ఆలివ్ కాయలు, ఉడికించిన గుడ్లు, ఉన్నవన్నీ తిన్నాడు. నా వంతు కూడా తిన్నాడు.

యామిన్

*

పైవాడి సాయంతో
తిబేరియా, మార్చి 12

తమ్ముడూ,

పూరీం వెళ్లిపోయింది. పాత చుట్టే చదివారు. ఎస్తేరు కథలోని దుర్మార్గుడు హామాను పేరు వచ్చినప్పుడల్లా పిల్లలు నేలను కాళ్లతో తన్నుతుంటే మీ బావ కట్టుకాలుతో తన్నలేక కర్రతో బాదాడు. నీ చుట్ట పూర్తికాలేదని తెలుసు. కలం చేతిలో లేని ఆ రోజులు ఎవరూ తిరిగివ్వలేరు. నేను బాధపడ్డాను, ఆయన పడలేదు. "వచ్చే ఏడు వాడి చుట్టే, నేను చెబుతున్నాను" అని మందిరంలో అందరి ముందూ అన్నాడు.

పేరు మళ్లీ పాతది పెట్టుకుంటానంటే రబ్బీ కుదరదన్నారు. ఒకసారి ఇచ్చిన బతుకును వెనక్కి తీసుకోరట. ఇప్పుడాయన హయీం అమ్రాం. తోరా దగ్గరికి పిలిచేటప్పుడు ఇద్దరు మనుషులు లేచి వస్తున్నట్టు ఉంటుంది. నేను పాత పేరుతోనే పిలుస్తున్నాను. పలుకుతున్నాడు.

నామం రాసే రోజు వస్తే నాకు రాయి. ముందు కాదు, రాశాకే. మధ్యలో వచ్చే ఉత్తరాలు ఈ ఇంటికి ఇక చాలు.

అక్క
ఫ్రేహా

*

పైవాడి సాయంతో
జెరూసలేం, జూన్ 3

అక్కకు, బావకు,

ఎస్తేరు పస్కా పండగ తర్వాత పూర్తయింది. రిబ్బీ మొదటినుంచి చివరిదాకా నెమ్మదిగా చదివి, రెండుచోట్ల గీకించి, చుట్టి నా చేతిలో పెట్టారు. ఆ తర్వాత ఇన్నాళ్లూ నామం మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు. నన్ను నేనే నమ్మలేకపోయాను, అడగకుండా ఇన్నాళ్లు కూర్చున్నందుకు. గది ఇరుకు తగ్గలేదు, నా కాలూ ఆగలేదు. నీళ్లకని ఇప్పటికీ బజారు తిరుగుతున్నాను.

పోయిన గురువారం ఆయన ఒక తోలు నా ముందు పరిచారు. తలుపు ద్వారబంధానికి మేకు కొట్టి పెట్టుకుంటామే, ఆ మెజూజా తోలు. మూడో మాట నామమే. నేను ఇప్పుడే వద్దన్నాను. చేయి సరిగా కుదరడం లేదు, అక్షరాలు ఇంకా తగులుతున్నాయి, వచ్చే నెల చూద్దామన్నాను. నేను, అక్కా. వద్దన్నది నేను.

"రెండక్షరాలు ఒక మనిషిని ఎలా మంచాన పడేశాయో చూశావు. ఆ భయం ఉన్నవాడికే నామంలోని నాలుగక్షరాలు ఇస్తాను" అన్నారు రిబ్బీ.

ఇవాళ పొద్దున శుద్ధికి స్నానఘట్టంలో మునిగి, తడి తలతోనే వచ్చి కూర్చున్నాను. రిబ్బీ కావాలనే లేచి బయటికి వెళ్లిపోయారు. గదిలో ఎవరూ లేరు. మొదటి రెండు మాటలూ చదివి రాశాను. తర్వాత కలం ఎత్తి, "పరిశుద్ధ నామం కోసం రాస్తున్నాను" అన్నాను. విన్నవాళ్లు లేరు. అన్నానని నా మాటే సాక్ష్యం. మీరు నమ్ముతారని తెలుసు కాబట్టి గట్టిగా అన్నాను.

నాలుగక్షరాలూ రాశాను. ఒకదాన్నొకటి తాకలేదు.

  

మీ
యామిన్